వీల్‌చైర్‌తో అడవి సఫారీ: బెంగళూరు నుంచి బయలుదేరేవారికి

వీల్‌చైర్‌లో ఉన్న మనిషి సఫారీకి వెళ్తానంటే ఇంట్లోవాళ్లు మొదట భయపడేది పులి గురించి, ఏనుగు గురించి. నిజంగా ఇబ్బంది పెట్టేవి అవి కావు. వీల్‌చైర్ సీటుకూ సఫారీ బండి సీటుకూ మధ్య ఉన్న ఎత్తు ఒకటి, బండి ఎక్కిన తరువాత కిందికి దిగే వీలు లేకుండా కూర్చోవలసిన రెండు మూడు గంటలు రెండవది. ఈ రెండింటికీ ఇంటి దగ్గరే జవాబు చూసుకున్నవారికి మిగతాదంతా అందరూ చేసే ప్రయాణమే. చూసుకోనివారు ఎంత ఖరీదైన రిసార్టులో దిగినా బండి పక్కన ఆగిపోవలసి వస్తుంది. వెన్నుపూసకు దెబ్బ తగిలో, పోలియో వచ్చో, మరే కారణం చేతనో నడవలేక, ఒకరిద్దరి సాయంతో సీటు మారగలిగినవారిని, వారి వెంట వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

చోటు, కాలం ఎంచుకోవడం

మొదటి సఫారీ బన్నేరుఘట్టలో చేయండి. నగరం నడిబొడ్డు నుంచి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పార్కుకు మంగళవారం సెలవు. అది అడవి కాదు, కంచె వేసిన పెద్ద ఆవరణ అని పెదవి విరిచేవారున్నారు, ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయినా సింహాలను, పులులను, ఎలుగుబంట్లను చూపించే ఆ బస్సు ప్రయాణం త్వరగా ముగుస్తుంది, ఏదైనా తేడా వస్తే సాయంత్రానికి మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో మీ ఇంట్లో ఉంటారు. ఎత్తైన మెట్లున్న బస్సులోకి మిమ్మల్ని ఎలా ఎక్కించాలో మీ వాళ్లకు, కుదుపులకు మీ నడుము ఎంతవరకు ఓర్చుకుంటుందో మీకు అక్కడ తెలిసిపోతుంది. వారాంతంలో జనం విపరీతంగా ఉంటారు కాబట్టి బుధ, గురువారాల్లో పొద్దున్నే వెళ్లండి.

ఆ తరువాత అసలు అడవి. బెంగళూరు నుంచి వెళ్లేవారికి అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా రెండు: నాగరహొళె పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న కబిని, మైసూరు నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న బండీపుర. వీల్‌చైర్‌తో మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు కబినికే. అక్కడ జీపుతో పాటు పడవ సఫారీ కూడా ఉంది, పడవకు గతుకులుండవు. పైగా కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన జంగిల్ లాడ్జెస్ అండ్ రిసార్ట్స్ వంటి చోట్ల గది, భోజనం, సఫారీ ఒకే ప్యాకేజీలో వస్తాయి. అంటే మీరు మాట్లాడవలసింది ఒక్కరితోనే, మిమ్మల్ని బండిలోకి ఎక్కించే మనుషులను, ఆ బండిని ముందురోజు సాయంత్రమే చూసుకోవచ్చు. వారాల ముందు ఫోనులో తెలుసుకున్న దానికంటే ఈ చూపు విలువైనది.

కాలం విషయంలో ఒక పేచీ ఉంది. కబిని జలాశయం మార్చి నుంచి మే వరకు బాగా తగ్గుతుంది, ఒడ్డున పచ్చగడ్డి మొలుస్తుంది, ఏనుగులు గుంపులు గుంపులుగా అక్కడికి చేరతాయి. చూడటానికి అంతకంటే మంచి రోజులు లేవు. కానీ నీరు వెనక్కి పోయినకొద్దీ పడవ ఎక్కే చోటు కూడా ఒడ్డు నుంచి కిందికి, దూరంగా జరుగుతుంది, అక్కడికి దిగే దారి మట్టి వాలుగా మారుతుంది. మీ వెంట ఇద్దరు బలమైన మనుషులు లేకపోతే అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. అప్పుడు జలాశయం నిండుగా ఉంటుంది, ఎండ తక్కువ. జంతువులు కొంచెం తక్కువ కనిపించినా మీరు పడవలో ఉంటారు, ఒడ్డున ఉండిపోరు. మెడ దగ్గర లేదా ఛాతీ పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి అదుపులో ఉండదు. అటువంటివారు ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు సఫారీ జోలికి పోకపోవడమే మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, బురద. టైర్లు కూరుకుపోయే దారిలో వీల్‌చైర్ సంగతి చెప్పనక్కరలేదు.

పక్షులంటే ఇష్టముంటే శ్రీరంగపట్నం పక్కనున్న రంగనతిట్టును దారిలో కలుపుకోండి. కావేరి మధ్యలోని చిన్న చిన్న లంకల మీద కొంగలు, వాటి కింద బండరాళ్ల మీద మొసళ్లు, తెడ్లు వేసే పడవలోంచి చాలా దగ్గరగా కనిపిస్తాయి. పడవలోకి దిగేచోట మాత్రం సాయం కావాలి.

డబ్బు కట్టేముందు సఫారీలు నడుస్తున్నాయో లేదో తెలుసుకోండి. పులుల దాడుల్లో గ్రామస్థులు మరణించడంతో 2025 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం బండీపుర, నాగరహొళెలలో సఫారీలను నిలిపివేసింది. ఇటువంటి ఆదేశాలు ముందస్తు నోటీసు లేకుండానే వస్తాయి.

ఫోనులో ఏమి అడగాలి

"వీల్‌చైర్ సౌకర్యం ఉందా" అని అడగకండి. "ఉంది సార్, మావాళ్లు చూసుకుంటారు, ఎత్తుకుంటారు" అనే జవాబే వస్తుంది. ఆ మాట అనేవారు మనసారా అంటారు, కాని వారికి మీ వీల్‌చైర్ వెడల్పు తెలియదు, మీకు వారి బాత్రూమ్ తలుపు వెడల్పు తెలియదు. అంగుళాల్లో అడగండి. బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు, గడప ఎత్తు ఎంత, కమోడ్ పక్కన వీల్‌చైర్ నిలిపేందుకు చోటుందా, గది నుంచి భోజనశాలకు దారి సిమెంటుదా కంకరదా, మధ్యలో మెట్లెన్ని. మామూలు వీల్‌చైర్ మొత్తం వెడల్పు 25 నుంచి 27 అంగుళాలుంటుంది. మన హోటళ్లలో చాలా బాత్రూమ్ తలుపులు 24 అంగుళాలే. ఈ ఒక్క కొలత కుదరకపోతే మిగతా మాటలన్నీ వృథా.

తరువాత బండి గురించి. జీపు ఇస్తారా, మినీ బస్సు ఇస్తారా? నేల నుంచి మొదటి మెట్టు ఎంత ఎత్తు, సీటు ఎంత ఎత్తు? డ్రైవరు పక్క సీటు మీకు ఇవ్వగలరా? తెరిచిన జీపుల్లో వెనక సీట్లను పైకి లేపి అమర్చుతారు, ముందు సీటు మాత్రం వాటికంటే కిందుగా ఉంటుంది, దానికి వీపు ఆనుకునే భాగం, పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంటాయి. కొన్నిచోట్ల ఆ సీటు గైడుకు కేటాయిస్తారు. ముందుగా రాతపూర్వకంగా అడిగితే సర్దుబాటు చేసే అవకాశం ఎక్కువ, ఆ ఉదయం గేటు దగ్గర అడిగితే తక్కువ. ఫోనులో మాట్లాడిన తరువాత అవే విషయాలు ఈమెయిల్‌లో పెట్టి, బండి తలుపు, బాత్రూమ్, పడవ ఎక్కేచోటు వీడియో వాట్సాప్‌లో పంపమని అడగండి. రెండు నిమిషాల వీడియో ఎన్నో అనుమానాలను తీరుస్తుంది. ప్రభుత్వ సంస్థలకు రాసేటప్పుడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించండి, మర్యాదగానే. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు) నకలు జతచేయండి.

ఇంటి దగ్గర సాధన

వీల్‌చైర్ సీటు నేల నుంచి సుమారు 18 నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. జీపు వెనక సీటు దానికి రెట్టింపు ఎత్తులో ఉండవచ్చు. మడతపెట్టే ర్యాంపు కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ర్యాంపు వాలుకు ప్రమాణం 1:12. మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల పొడవు ర్యాంపు కావాలి. గది గడపకు, రెండు మెట్లకు ర్యాంపు పనికొస్తుంది, జీపుకు కాదు. జీపుకు కావలసింది మనుషులు, లేదా చోటు ఎంచుకునే తెలివి.

చోటు తెలివి అంటే ఇది. రిసార్టు వరండా సాధారణంగా నేల కంటే అడుగో అడుగున్నరో ఎత్తులో కట్టి ఉంటుంది. మీరు వరండా మీదికి ర్యాంపుతో వెళ్లి, జీపును అంచుకు ఆనించి నిలపమంటే ఎత్తు తేడా సగానికి పైగా తగ్గుతుంది. వరండా లేకపోతే రోడ్డు పక్కన వాలు చూసి, జీపు పల్లంలో, వీల్‌చైర్ మెరకలో ఉండేలా నిలపమనండి. తేడా ఆరేడు అంగుళాలకు తగ్గితే, చేతుల్లో బలమున్నవారు రెండున్నర అడుగుల జారుడు పలక మీదుగా తామే మారగలరు.

అలా కుదరనప్పుడు ఇద్దరు ఎత్తాలి. ఈ పని ఇంట్లో మీ వాళ్లతో కనీసం కొన్నిసార్లు చేయించండి, మంచం మీదికీ కారులోకీ. వీల్‌చైర్ బ్రేకులు వేసి, బండివైపున్న చేతిపట్టీని తీసేసి, పాదాల పలకలను పక్కకు తిప్పాలి. మీరు చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. వెనక నిలిచిన వ్యక్తి మీ చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి మీ ముంజేతులనే పట్టుకుంటారు, ముందున్న వ్యక్తి రెండు తొడల కింద మోకాళ్లకు దగ్గరగా చేతులు పెడతారు. లెక్క మీరే పెట్టాలి. ఎవరు ఎప్పుడు ఎత్తాలో మీ నోటి నుంచే రావాలి, చుట్టూ పదిమంది సలహాలిస్తున్నప్పుడు మరీను. అక్కడి సిబ్బంది చాలావరకు కన్నడిగులు, ఒందు, ఎరడు, మూరు అని లెక్కపెడితే అందరూ ఒకేసారి లేస్తారు. బెంగళూరులో ఉండే మనకు ఆపాటి కన్నడం కష్టం కాదు.

రెండు విషయాల్లో మొహమాటపడకండి. చంకలు పట్టుకుని పైకి లాగనివ్వవద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. చాలా ఏళ్లుగా కదలని కాళ్లలో ఎముకలు పెళుసుగా ఉంటాయి కాబట్టి పాదం ఎక్కడా ఇరుక్కోకుండా ఒకరు చూస్తూ ఉండాలి. మెట్ల దగ్గర మిమ్మల్ని కుర్చీతో సహా ఎత్తవలసి వస్తే ఫ్రేము పట్టుకోమని చెప్పండి. సాయం చేయాలన్న తొందరలో మనుషులు చేతిపట్టీలను, పాదాల పలకలను పట్టుకుంటారు. అవి ఊడి వచ్చేవి, గాలిలో ఉండగా చేతిలోకి వచ్చేస్తాయి.

వెంట తీసుకెళ్లవలసినవి

ఎలక్ట్రిక్ వీల్‌చైర్ ఉన్నా ఈ ప్రయాణానికి మడత కుర్చీ తీసుకెళ్లండి, దాన్ని ఇన్నోవా డిక్కీలో పెట్టవచ్చు, ఇద్దరు ఎత్తవచ్చు. గాలి టైర్లయితే చిన్న పంపు, పంక్చర్ సామాను ఉండాలి. సఫారీకి వెళ్లినప్పుడు కుర్చీ ఎక్కేచోటే ఉండిపోతుంది. దాని మీద మీ పేరు, గది నంబరు రాసిన కాగితం అంటించి, దాన్ని గదిలోనో ఆఫీసులోనో పెట్టించండి. బయట వదిలితే కోతులు సీటు దిండును చీల్చి చూస్తాయి, అందులో తినేది ఏమీ లేదని తెలిసేదాకా ఆగవు.

దిండును మాత్రం వదలకండి, మీతోనే బండిలోకి రావాలి. కింద జారకుండా రబ్బరు చాప ముక్క వేసి, దాని మీద దిండు పెట్టి కూర్చోండి. నడుము నిలవనివారికి ఛాతీ చుట్టూ సీటుకు కట్టే వెడల్పాటి బెల్టు కావాలి, ఒక్క లాగుతో ఊడేది. మోకాళ్లు రెండూ పక్కలకు పడిపోకుండా మెత్తటి పట్టీ ఒకటి ఉంటే చాలు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తెరిచిన జీపులో చలి గట్టిగా ఉంటుంది. స్పర్శ లేని కాళ్లకు చలి తెలియదు, అందుకే దుప్పటి. ఎండాకాలంలో నీళ్లు చిమ్మే సీసా, తడి తువ్వాలు.

మైసూరు దారి

కారు ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి, మామూలు సెడాన్ సీటు వీల్‌చైర్ సీటుకు దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. ఎస్‌యూవీ దర్జాగా కనిపిస్తుంది, ప్రతి ఆగుడులోనూ మిమ్మల్ని పైకి ఎత్తవలసి వస్తుంది. 2023లో తెరిచిన బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రయాణ సమయాన్ని తగ్గించింది, అయితే బిడది, రామనగర, చన్నపట్నం, మద్దూరు, మండ్య ఊళ్లన్నిటినీ పక్కకు నెట్టింది. మెట్లులేని, పెద్ద బాత్రూమ్ ఉన్న హోటల్ కావాలంటే సర్వీసు రోడ్డులోకి దిగాలి, ఎక్కడ దిగాలో ముందే ఫోను చేసి నిర్ణయించుకోండి. మద్దూరు వడ కోసం ఎలాగూ దిగుతారు కాబట్టి అక్కడే వెతకడం తెలివైన పని. ఊటీవైపు వెళ్లే ఆలోచన ఉంటే, బండీపుర మీదుగా వెళ్లే రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారని లెక్కలో పెట్టుకోండి.

బండిలో ఆ మూడు గంటలు

ఉదయం సఫారీ సాధారణంగా ఆరు, ఆరున్నరకు మొదలవుతుంది. స్నానం, మూత్రం, దుస్తులు, బండి ఎక్కడం అన్నీ కలిపి మామూలుగా మీకెంత సమయం పడుతుందో దానికి అరగంట కలిపి లేవండి. మలవిసర్జన రోజువారీ పద్ధతిని సఫారీ కోసం ఉన్నట్టుండి మార్చవద్దు. ఉదయం చేసుకునేవారు ప్రయాణానికి వారం ముందే సాయంత్రానికి మార్చుకుని అలవాటు చేసుకోవాలి. రిసార్టు బఫేలో రాత్రి కారం పదార్థాలు చూసి ఆగడం మన తెలుగువాళ్లకు కష్టమే, అయినా ఆ ఒక్క రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకోండి.

అడవిలో బండి దిగడం నిషేధం. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడేవారు బండి ఎక్కడానికి పది నిమిషాల ముందు మూత్రాశయం ఖాళీ చేసుకోవాలి, కాలికి కట్టుకునే మూత్రం సంచి వాడేవారు దాన్ని ఖాళీ చేసి, గొట్టం మెలిక పడకుండా చూసుకోవాలి. నీళ్లు తాగకుండా ఉండిపోవడం పరిష్కారం కాదు, వేడికి తట్టుకోలేరు, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. వెన్నుపాము ఆరవ ఛాతీపూస దగ్గరగానీ అంతకు పైనగానీ దెబ్బతిన్నవారు ఒక ప్రమాద సూచనను తమ తోడు మనిషికి తప్పక నేర్పాలి. ఉన్నట్టుండి తల పగిలేలా నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ పైభాగంలో చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. చాలాసార్లు దానికి కారణం నిండిన మూత్రాశయం లేదా మెలికపడిన గొట్టం. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు, బిగుతు బట్టలు వదులుచేసి, గొట్టం సరిచేయాలి. తగ్గకపోతే సఫారీ ఆపించి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట డ్రైవరుకు బయలుదేరే ముందే ఒక వాక్యంలో చెప్పి ఉంచండి. ఫోన్లు లోపలికి అనుమతించని చోట ఇది ఇంకా అవసరం.

సీటు విషయానికి వస్తే, వెనక చక్రాల మీదున్న వరుసలో కూర్చోవద్దు. గుంతలో పడినప్పుడు అందరికంటే ఎత్తుకు ఎగిరేది అక్కడివారే. రెండు చక్రాలకు మధ్యనున్న సీటు మంచిది, ముందు సీటు దొరికితే అంతకంటే మంచిది. కొన్ని పాత బండ్లలో ఇంజను మూత డ్రైవరు పక్కన, మీ పాదాలకు దగ్గరగా ఉంటుంది. గంట నడిచేసరికి ఆ రేకు మీద చెయ్యి పెట్టలేరు. కాలికి స్పర్శ లేనివారికి మడమ దానికి ఆనుకుని కాలుతున్నా తెలియదు, గదికి వచ్చి సాక్సు తీసినప్పుడు బొబ్బ కనిపిస్తుంది. బూట్లు వేసుకుని, మడమకూ రేకుకూ మధ్య దుప్పటి మడిచి పెట్టి, మధ్య మధ్య చూసుకోమని తోడు మనిషికి చెప్పండి.

బెడ్‌సోర్ల భయం ఉన్నవారు సుమారు అరగంటకోసారి ఒత్తిడి తీయాలి. నడుస్తున్న జీపులో అది కుదరదు. బండి ఆగినప్పుడల్లా, దుప్పుల గుంపు దగ్గరో నెమలి దగ్గరో, ఛాతీ తొడల మీదికి వచ్చేలా ముందుకు వంగి ఒకటి రెండు నిమిషాలు ఉండండి. పులి కోసమే వచ్చినవారు దుప్పుల దగ్గర బండి ఆపితే విసుక్కుంటారు; మీరు మాత్రం ఆపమని అడగండి. వేగం ఎక్కువైతే "స్వల్ప నిధాన" (కొంచెం నెమ్మదిగా) అంటే డ్రైవరుకు అర్థమవుతుంది. గేటు మూసే వేళకు చేరాలని తిరుగు ప్రయాణంలో బండ్లు తొందరపడతాయి, ఎక్కువ కుదుపులు తగిలేది అప్పుడే, కాబట్టి బెల్టును మళ్లీ ఒకసారి బిగించుకోవలసిన సమయం అది.

పడవలో

పడవ ఎక్కించేటప్పుడు ఒక మనిషి ముందుగా పడవలో నిలబడి ఉండాలి, పడవను ఒడ్డుకు తాడుతో కట్టి ఇంకొకరు పట్టుకోవాలి. సగం ఒడ్డు మీద, సగం పడవలో కాళ్లు పెట్టి ఎవరూ మిమ్మల్ని ఎత్తకూడదు. మట్టి వాలులో దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీ వీపు నీటివైపు ఉండేలా నెమ్మదిగా దించాలి, ముందుకు దించితే చిన్న చక్రం మట్టిలో దిగబడి మిమ్మల్ని బయటికి తోసేస్తుంది. పడవ అడుగు వెడల్పుగా ఉండి, పడవవాడు ఒప్పుకుంటే కుర్చీలోనే కూర్చుని వెళ్లవచ్చు, బ్రేకులు వేసి చక్రాలను తాడుతో కట్టించాలి. అయితే కుర్చీకి మిమ్మల్ని కట్టే బెల్టు మాత్రం పడవలో విప్పేయండి. లైఫ్ జాకెట్ వేసుకుని, కుర్చీతో కలిపి కట్టేసి ఉంటే జాకెట్ వల్ల ప్రయోజనం లేదు.

గదికి వచ్చాక

టిఫిను కంటే ముందు మంచం మీద పడుకుని, కూర్చునే ఎముకల దగ్గర, తుంటి, మడమల దగ్గర చర్మం చూసుకోండి. అద్దంతో గానీ ఫోను కెమెరాతో గానీ. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు రంగుకు రాకపోతే ఆ చోటు మీద ఇక ఒత్తిడి పడకూడదు. సాయంత్రం సఫారీకి డబ్బు కట్టి ఉన్నా మానేసి, పక్కకు తిరిగి పడుకోండి. అంతా బాగుంటే రెండు సఫారీల మధ్య కనీసం మూడు గంటలు పడుకునే విశ్రాంతి ఉండేలా చూసుకుని, సాయంత్రం పడవనే ఎంచుకోండి, ఉదయం జీపు కుదుపులు తిన్న నడుముకు అదే నయం. బయలుదేరే రోజు ఎర్రమట్టి దుమ్ము పట్టిన కుర్చీ చక్రాల ఇరుసులను పొడిగుడ్డతో తుడిపించి, బ్రేకులు బిగువుగా పడుతున్నాయో లేదో చూసి కారెక్కించండి.